మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారికి కోవిడ్ సోకితే: ప్రమాదం రోగంలోనా, మందులోనా?

సంక్షిప్తంగా

శరీరపు రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని నాడులపై దాడి చేసే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్). అది ఉన్నంత మాత్రాన కరోనా వైరస్ తేలిగ్గా సోకుతుందనడానికి గానీ, సోకితే తప్పక ముదురుతుందనడానికి గానీ ఆధారాలు లేవు. వయసు, నడక ఎంతవరకు దెబ్బతిన్నది, తోడున్న ఇతర జబ్బులు, వాడుతున్న మందు కలిసి తీవ్రతను నిర్ణయిస్తాయి. మందులలో బి కణాలను (యాంటీబాడీల తయారీకి మూలమైన తెల్ల రక్తకణాలను) తొలగించేవాటిని, ఈమధ్యే తీసుకున్న అధిక మోతాదు స్టెరాయిడ్లను విడిగా లెక్కలోకి తీసుకోవాలి. జ్వరంలో పాత లక్షణాలు మళ్లీ తలెత్తితే అది చాలాసార్లు నాడులకు తగిలిన కొత్త దెబ్బ కాదు.

ఒకదానితో ఒకటి పొసగని రెండు వాదనలు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించే నాటికి ప్రపంచంలో దాదాపు 28 లక్షల మంది ఎంఎస్‌తో జీవిస్తున్నట్టు అంచనా. వారిలో చాలామంది రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మందులు వాడుతున్నవారే. అప్పుడు వైద్యుల ముందు రెండు వాదనలు నిలిచాయి. రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించుకున్న శరీరం కొత్త వైరస్‌ను ఎదుర్కోలేదు గనుక ఈ రోగులకు ముప్పు ఎక్కువ అన్నది మొదటిది. కోవిడ్‌లో ప్రాణం తీసేది చాలావరకు వైరస్ కాదు, దాన్ని చూసి శరీరం చేసే అతి స్పందన. ఆ స్పందనను ముందే అణచి ఉంచిన మందులు ఒక విధంగా రక్షణ ఇవ్వవచ్చు అన్నది రెండవది.

కాగితం మీద చూస్తే రెండూ సబబుగానే ఉన్నాయి. కోవిడ్ గమనంలో రెండు దశలున్నాయన్న సంగతిని పక్కన పెట్టినందువల్లే అవి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించాయి. మొదటి వారంలో వైరస్ గొంతులోనూ ఊపిరితిత్తుల్లోనూ పెరుగుతుంది. ఆ దశలో రోగనిరోధక వ్యవస్థ ఎంత చురుగ్గా ఉంటే అంత మేలు. కొందరిలో రెండో వారం నుంచి వైరస్ కంటే దాని మీద రేగిన వాపే ఎక్కువ హాని చేస్తుంది. అక్కడ అదే వ్యవస్థకు కళ్లెం వేయాలి. కాబట్టి ఒక మందు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది అది ఏ కణాలను, ఏ దశలో ఆపుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. తర్వాత వచ్చిన గణాంకాలను చదవడానికి ఈ తేడా తెలిసి ఉండాలి.

ఎంఎస్‌లో జరిగేది

మెదడు, వెన్నుపాము, కంటినాడులలోని నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులాగా అది నాడీ సందేశం వేగంగా, చెదరకుండా సాగేలా చూస్తుంది. ఎంఎస్‌లో శరీరపు తెల్ల రక్తకణాలే, ముఖ్యంగా టి కణాలు, బి కణాలు, ఈ తొడుగుపై దాడి చేస్తాయి. దాడి జరిగిన చోటును బట్టి చూపు మసకబారడం, కాళ్లు మొద్దుబారడం, తూలు, మూత్రంపై పట్టు తప్పడం వంటివి వస్తాయి. రోగుల్లో దాదాపు 85 శాతం మందికి ఇది మొదట్లో వచ్చిపోయే రూపంలో ఉంటుంది. కొన్ని రోజులో వారాలో లక్షణాలు ముదిరి, తర్వాత పూర్తిగా గానీ పాక్షికంగా గానీ తగ్గుతాయి. ఇలా తిరగబెట్టడాన్నే రిలాప్స్ అంటారు. మిగిలినవారిలో మొదటినుంచీ నెమ్మదిగా పెరుగుతూ పోతుంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఎంఎస్‌లో రోగనిరోధక వ్యవస్థ బలహీనంగా ఉండదు, దారి తప్పి ఉంటుంది. ఈ రెంటినీ కలగలపడం వల్లే "ఎంఎస్ ఉంటే ఇమ్యూనిటీ ఉండదు" అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఏ మందూ వాడని, వయసులో ఉన్న, చక్కగా నడవగలిగే ఎంఎస్ రోగి కోవిడ్ వైరస్‌ను తన ఈడువారిలాగే ఎదుర్కొంటారు.

రోగుల నమోదు పట్టికలు చెప్పిన లెక్క

కోవిడ్ తొలి ఏడాదిలోనే పలు దేశాలు ఎంఎస్ రోగుల వివరాలతో ప్రత్యేక రిజిస్ట్రీలు తెరిచాయి. ఫ్రాన్స్‌లో 347 మంది రోగులను పరిశీలించిన కోవిసెప్ అధ్యయనం 2020లో వెలువడింది. వారిలో 21 శాతం మందికి ఆసుపత్రి చేరిక లేదా అంతకు మించిన తీవ్రత కనిపించగా 12 మంది, అంటే 3.5 శాతం, మరణించారు. ఉత్తర అమెరికాలోని కోవిమ్స్ రిజిస్ట్రీ 1,626 మందిని పరిశీలించినప్పుడు మరణాలు 3.3 శాతంగా తేలాయి. ఇటలీలో 844 మందితో జరిగిన మస్క్-19 అధ్యయనంలో 13 మంది చనిపోయారు, అంటే 1.5 శాతం. ఈ సంఖ్యలన్నీ టీకాలు రాకముందువి. పైగా అప్పట్లో పరీక్షలు అందరికీ అందుబాటులో లేవు గనుక తేలికపాటి జబ్బుతో ఇంట్లోనే కోలుకున్న అనేకులు లెక్కలోకి రాలేదు. ఈ శాతాలను నేటి పరిస్థితికి అన్వయిస్తే తప్పుదారి పడతాం.

వీటన్నిటిలోకీ ఆలోచింపజేసే సంఖ్య ఫ్రెంచి అధ్యయనంలోనే ఉంది. ఎంఎస్ గమనాన్ని మార్చే మందులు వాడుతున్నవారిలో 15.5 శాతం మందికి కోవిడ్ తీవ్రంగా వస్తే, ఏ మందూ వాడనివారిలో అది 46 శాతం. పైపైన చూస్తే రెండో వాదనే నిజమనిపిస్తుంది, మందులే కాపాడాయనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఎంఎస్‌లో మందు లేకుండా ఉండేది ఎక్కువగా వయసు మళ్లినవారు, రోగం నెమ్మదిగా ముదిరే దశకు చేరి మందులు పనిచేయడం మానేసినవారు, చక్రాల కుర్చీకి పరిమితమైనవారు. అంటే ఆ 46 శాతం మందు లేకపోవడాన్ని కాక, వయసునూ వైకల్యాన్నీ కొలుస్తోంది. రిజిస్ట్రీల అంకెలను విడిగా తీసి చూపినప్పుడల్లా ఈ పొరపాటు జరగడానికి ఆస్కారం ఉంటుంది.

వయసు, ఊబకాయం, మధుమేహం, గుండె జబ్బులు అందరిలో కోవిడ్‌ను ముదర పెట్టినట్టే ఎంఎస్ రోగుల్లోనూ ముదరబెట్టాయి. వీటికి తోడు ఎంఎస్‌కే ప్రత్యేకమైన అంశం వైకల్యపు మెట్టు. దీన్ని ఈడీఎస్‌ఎస్ అనే 0 నుంచి 10 వరకు గల కొలమానంతో లెక్కిస్తారు. 6 దగ్గర రోగికి నడవడానికి చేతికర్ర వంటి ఆసరా కావాలి, 7 దాటాక చక్రాల కుర్చీ తప్పదు. ఈ 6కు చేరినవారిలోనూ దాటినవారిలోనూ కోవిడ్ ముదిరే అవకాశం స్పష్టంగా పెరిగినట్టు దాదాపు అన్ని రిజిస్ట్రీలూ చెప్పాయి.

నడకకూ ఊపిరికీ ఉన్న ముడి

కాళ్లలో బలం తగ్గడానికీ ఊపిరితిత్తుల జబ్బుకూ సంబంధమేమిటన్న సందేహం సహజం. సమాధానం దగ్గులో ఉంది. గట్టిగా దగ్గాలంటే మొదట ఛాతీ నిండా గాలి పీల్చుకోవాలి, గొంతులోని స్వరపేటికను బిగించి ఆ గాలిని బంధించాలి, పొట్ట కండరాలు ఒక్కసారిగా ముడుచుకోవాలి, ఆ క్షణంలోనే స్వరపేటిక తెరుచుకోవాలి. ఈ నాలుగు పనులకూ వేర్వేరు నాడులు ఒకదాని వెంట ఒకటి సందేశం అందుకోవాలి. వెన్నుపాములో మైలిన్ పలుచోట్ల ఊడిపోయినవారిలో కాళ్లకు వెళ్లే సందేశంతో పాటు పక్కటెముకల మధ్య కండరాలకు, పొట్ట కండరాలకు వెళ్లే సందేశమూ మందగిస్తుంది. దగ్గు వస్తుంది గాని దానిలో బలం ఉండదు, కఫం కదలదు. మెదడు కాండం కూడా దెబ్బతింటే మింగడంలో పొరపాట్లు జరిగి ఆహారపు తుంపరలు శ్వాసనాళంలోకి జారతాయి. రోజంతా కూర్చునో పడుకునో ఉండేవారిలో ఊపిరితిత్తుల అడుగు భాగాలు పూర్తిగా తెరుచుకోవు.

ఇలాంటి శరీరంలోకి కరోనా వైరస్ వచ్చినప్పుడు అది చేసే నష్టం మామూలుదే అయినా తట్టుకునే సామర్థ్యం తక్కువ. కోవిడ్ నిమోనియాపై బ్యాక్టీరియా నిమోనియా వచ్చి చేరేది కూడా వీరిలోనే. ఇన్‌ఫ్లూయెంజా విషయంలోనూ ఎంఎస్ వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్నది ఇదే. ఆ మేరకు కోవిడ్ కొత్తగా సృష్టించిన ప్రమాదం కాదిది.

ఏ మందు ఏ గుమ్మాన్ని మూస్తుంది

ఎంఎస్ మందులన్నిటినీ "ఇమ్యూనిటీ తగ్గించేవి" అని ఒకే గాటన కట్టడం అన్యాయం. ఇంటర్‌ఫెరాన్ బీటా, గ్లాటిరామర్ ఎసిటేట్ అనే పాత ఇంజెక్షన్లు రోగనిరోధక వ్యవస్థ ధోరణిని మారుస్తాయే గాని కణాల సంఖ్యను పెద్దగా తగ్గించవు. ఇంటర్‌ఫెరాన్ నిజానికి వైరస్ సోకినప్పుడు మన కణాలు సొంతంగా విడుదల చేసే హెచ్చరిక పదార్థమే. కొన్ని రిజిస్ట్రీలలో దాన్ని వాడుతున్నవారిలో తీవ్రత కాస్త తక్కువగా కనిపించింది. అయితే ఎంఎస్ లేని మామూలు కోవిడ్ రోగులు ఆసుపత్రిలో చేరాక ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ప్రయోగంలో ప్రయోజనం కనిపించలేదు. ఇది వైరుధ్యం కాదు. వైరస్ రాకముందే ఒంట్లో ఉండడం వేరు, రెండో దశ మొదలయ్యాక ఇవ్వడం వేరు.

టెరిఫ్లునమైడ్, డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రల వల్ల కోవిడ్ ముదిరిన దాఖలాలు లేవు. రెండోది కొందరిలో లింఫోసైట్ల (టి, బి కణాలు చేరిన తెల్ల రక్తకణాల జాతి) సంఖ్యను బాగా తగ్గిస్తుంది గనుక రక్తపరీక్ష చూసుకుంటూ వాడాలి. నటాలిజుమాబ్ తీరు వేరు. అది తెల్లకణాలను చంపదు, రక్తం నుంచి మెదడులోకి వెళ్లే దారిని మాత్రం వాటికి మూసివేస్తుంది. ఊపిరితిత్తుల్లో పోరాటం ఎప్పటిలాగే సాగుతుంది.

ఫింగోలిమాడ్ లింఫోసైట్లను లింఫ్ గ్రంథుల్లోనే నిలిపి వేస్తుంది. రక్తంలో వాటి సంఖ్య మామూలులో నాలుగో వంతు దాకా పడిపోతుంది. సంఖ్య చూస్తే భయం వేస్తుంది గాని, దీనివల్ల కోవిడ్ తీవ్రత గణనీయంగా పెరిగినట్టు పెద్ద రిజిస్ట్రీలు చూపలేదు. దీనితో అసలు చిక్కు టీకాల దగ్గర వచ్చింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది. భయపడి ఫింగోలిమాడ్‌ను గానీ నటాలిజుమాబ్‌ను గానీ ఉన్నట్టుండి మానేస్తే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఎంఎస్ మునుపటికంటే ఉధృతంగా విరుచుకుపడే ప్రమాదం ఉంది. 2020లో వైద్య సంఘాలు సొంత నిర్ణయంతో మందు ఆపవద్దని పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

ఇక అసలు చర్చ బి కణాలను తొలగించే మందుల గురించే. రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్, ఓఫాటుముమాబ్ ఈ కోవలోవి. బి కణాల ఉపరితలంపై ఉండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని వాటిని రక్తం నుంచి దాదాపు పూర్తిగా తుడిచివేస్తాయి. ఎంఎస్‌ను అదుపు చేయడంలో వీటి సత్తా చాలా ఎక్కువ. మొదటినుంచీ నెమ్మదిగా ముదిరే రూపానికి అనుమతి పొందిన మొదటి మందు కూడా ఓక్రెలిజుమాబే, 2017లో. 28 దేశాల నుంచి 2,340 మంది వివరాలు క్రోడీకరించిన అంతర్జాతీయ అధ్యయనంలో డైమిథైల్ ఫ్యూమరేట్ వాడేవారితో పోలిస్తే రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్ వాడేవారు ఆసుపత్రిలోనూ ఐసీయూలోనూ చేరే అవకాశం ఎక్కువగా తేలింది. ఇటలీ లెక్కలో ఈ తరగతి మందులతో తీవ్ర కోవిడ్ అవకాశం సుమారు 2.4 రెట్లు పెరిగింది. మరణాల విషయంలో మాత్రం అంత తేటతెల్లమైన తేడా కనిపించలేదు.

దీనికి కారణం బి కణాలు చేసే పనిలోనే ఉంది. మునుపెన్నడూ చూడని వైరస్ వచ్చినప్పుడు బి కణాలు దాన్ని గుర్తుపట్టి, పెరిగి, కొన్ని ప్లాస్మా కణాలుగా మారి యాంటీబాడీలు తయారు చేస్తాయి. ప్లాస్మా కణాలపై సీడీ20 గుర్తు ఉండదు. అందువల్ల చిన్నప్పుడు వేసుకున్న టీకాల వల్ల గానీ, ఎప్పుడో వచ్చిపోయిన జబ్బుల వల్ల గానీ తయారైన పాత యాంటీబాడీలు ఈ మందు వాడినా చాలావరకు నిలుస్తాయి. దెబ్బతినేది కొత్త శత్రువును నేర్చుకునే శక్తి. 2020లో కోవిడ్ అందరికీ కొత్త శత్రువే. అలాగైతే ఈ రోగులందరూ వైరస్‌కు లొంగిపోవాలి గదా అంటే, అలా జరగలేదు. వైరస్ సోకిన కణాలను నేరుగా చంపే టి కణాలు చెక్కుచెదరకుండా ఉండడమే అందుకు కారణం. ఎక్కువమంది కోలుకున్నారు, కొందరు ఆలస్యంగా కోలుకున్నారు.

ఆ కొందరి సంగతి పట్టించుకోవలసిందే. బి కణాలు లేనివారిలో అప్పుడప్పుడు వైరస్ వారాల తరబడి, నెలల తరబడి తిష్ఠ వేస్తుంది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, పరీక్ష నెగెటివ్ వచ్చి తిరిగి పాజిటివ్ అవుతుంది. 2020లో ఫ్రాన్స్‌లో ఇలా కోవిడ్ విడవని 17 మందికి కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కిస్తే చాలామందిలో లక్షణాలు త్వరగా తగ్గాయి. వారిలో ఎక్కువమంది రక్త క్యాన్సర్ రోగులే అయినా ఉమ్మడి లోపం బి కణాలు లేకపోవడమే గనుక ఆ పాఠం ఎంఎస్‌కూ వర్తిస్తుంది.

స్టెరాయిడ్ల చిక్కుముడి

ఇటలీ అధ్యయనంలో అన్నిటికంటే పెద్ద సంఖ్య బి కణాల మందులది కాదు. గత నెల రోజుల్లో మిథైల్ ప్రెడ్నిసొలోన్ తీసుకున్నవారిలో తీవ్ర కోవిడ్ అవకాశం సుమారు 5 రెట్లు ఎక్కువ. ఉత్తర అమెరికా రిజిస్ట్రీలోనూ గత రెండు నెలల్లో స్టెరాయిడ్లు వాడినవారికి ఇలాంటి ఫలితమే వచ్చింది. కాని అదే 2020 జూన్‌లో బ్రిటన్‌కు చెందిన రికవరీ ప్రయోగం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను మూడో వంతు, ఆక్సిజన్‌పై ఉన్నవారి మరణాలను ఐదో వంతు తగ్గించిందని ప్రకటించింది. ఒకే జాతి మందు ఒకచోట ప్రాణం పోసేదిగా, మరోచోట ప్రమాదకారిగా తేలడం పాఠకులను అయోమయంలో పడేసింది.

చిక్కు వీడాలంటే మోతాదునూ సమయాన్నీ చూడాలి. ఎంఎస్ తిరగబెట్టినప్పుడు ఇచ్చే మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము, వరుసగా 3 నుంచి 5 రోజులు నరంలోకి ఎక్కిస్తారు. రికవరీ ప్రయోగంలో డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు. దాన్ని మిథైల్ ప్రెడ్నిసొలోన్‌లోకి మారిస్తే సుమారు 32 మిల్లీగ్రాములు. అంటే ఎంఎస్ మోతాదు దాదాపు 30 రెట్లు పెద్దది. పైగా అది వైరస్ ప్రవేశించక ముందో, ప్రవేశిస్తున్నప్పుడో పడింది. డెక్సామెథసోన్ రెండో దశలో, ఊపిరి అందనివారికి మాత్రమే ఉపయోగపడింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దాని వల్ల మేలు జరగలేదని అదే ప్రయోగం చెప్పింది. రిలాప్స్ చిన్నదైతే, రోజువారీ పనులకు అడ్డు రాకపోతే, స్టెరాయిడ్ ఇవ్వకుండా వేచి చూసే ధోరణి మహమ్మారి కాలంలో బలపడడం ఇందువల్లే.

జ్వరం వచ్చిన రాత్రి

కోవిడ్ సోకిన ఎంఎస్ రోగి ఇంట్లో ఎక్కువగా ఎదురయ్యే దృశ్యం ఊపిరాడకపోవడం కాదు. రాత్రి జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. తెల్లవారి లేవబోతే మూడేళ్ల కిందట దెబ్బతిని బాగుపడిన కుడికాలు మంచం దిగనీయదు, అప్పుడు మసకబారి తేరుకున్న కన్ను మళ్లీ మసకబారుతుంది. రోగం తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. జ్వరం మాత్ర పని చేసి ఒళ్లు చల్లబడ్డాక కాలు మెల్లగా కదులుతుంది, చూపు తేటపడుతుంది.

దీన్ని సూడో రిలాప్స్ అంటారు, అంటే రిలాప్స్‌లా కనిపించేది మాత్రమే. జర్మనీ కంటివైద్యుడు విల్‌హెల్మ్ ఉఠాఫ్ 1890లోనే, శ్రమ చేశాక కొందరు రోగుల చూపు తాత్కాలికంగా తగ్గడాన్ని వర్ణించాడు. కారణం వేడి అని తర్వాత తెలిసింది. ఎంఆర్‌ఐ రాకముందు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పెరుగుతాయేమో చూసే పరీక్ష కూడా ఉండేది.

నాడీ సందేశం తంతువు పొడవునా సోడియం ద్వారాలు తెరుచుకుని మూసుకోవడం ద్వారా సాగుతుంది. శరీరం వేడెక్కినప్పుడు ఈ ద్వారాలు త్వరగా మూసుకుపోతాయి. మైలిన్ బాగున్న తంతువులో సందేశానికి కావలసినంత మిగులు బలం ఉంటుంది, అందువల్ల తేడా తెలియదు. తొడుగు ఊడిన చోట సందేశం అప్పటికే కొసప్రాణంతో సాగుతుంటుంది. ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా అక్కడే ఆగిపోవచ్చు. వేడి తగ్గితే మళ్లీ సాగుతుంది. ఇందులో కొత్తగా మైలిన్ ఊడదు, ఎంఆర్‌ఐలో కొత్త మచ్చ కనిపించదు.

అందుకే రిలాప్స్ నిర్వచనంలోనే ఒక షరతు పెట్టారు. కొత్త లక్షణం గానీ, పాతది స్పష్టంగా ముదరడం గానీ 24 గంటలకు మించి నిలవాలి, ఆ సమయంలో జ్వరం గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉండకూడదు. ఈ తేడా తెలియక జ్వరంలో ఉన్న కోవిడ్ రోగికి రిలాప్స్ అనుకుని గ్రాముల లెక్కన స్టెరాయిడ్ ఎక్కిస్తే, వైరస్ పెరిగే దశలోనే రోగనిరోధక శక్తిని పడగొట్టినట్టవుతుంది. జ్వరం వచ్చీ రాగానే పారాసిటమాల్, నీళ్లు, గది చల్లగా ఉంచుకోవడం ఎంఎస్ రోగికి కేవలం ఒళ్లు తేలికపడడానికి చేసే ఉపచారాలు కావు. నడక నిలవడానికి కూడా అవే ఆధారం.

కోవిడ్ నిజంగా ఎంఎస్‌ను తిరగబెట్టిస్తుందా

జలుబు, ఫ్లూ వంటి వైరస్ జబ్బుల తర్వాత కొన్ని వారాల్లో రిలాప్స్‌లు పెరుగుతాయని 1980ల నుంచీ అధ్యయనాలు చెబుతున్నాయి. కోవిడ్ విషయంలో వచ్చిన ఫలితాలు ఒకే మాట మీద లేవు. కొన్నింటిలో పెరుగుదల, కొన్నింటిలో మార్పులేకపోవడం, ఒకటి రెండింటిలో తగ్గుదల సైతం కనిపించాయి. లాక్‌డౌన్‌లలో మనుషులు ఇళ్లకే పరిమితమైనందున మిగతా వైరస్‌లు తగ్గిపోవడం, రోగులు ఆసుపత్రికి వెళ్లకపోవడం ఈ లెక్కలను తారుమారు చేశాయి.

కరోనా వైరస్‌లకూ మైలిన్‌కూ పాత పరిచయం ఉన్న మాట మాత్రం వాస్తవం. ఎలుకలకు సోకే ఒక కరోనా వైరస్ వాటి మెదడులో మైలిన్‌ను ఊడదీస్తుందని 1949లోనే గుర్తించారు. ఎంఎస్ పరిశోధనలో దాన్ని దశాబ్దాలుగా నమూనాగా వాడుతున్నారు. అందువల్ల 2020లో కొందరు శాస్త్రవేత్తలు కలవరపడ్డారు. మనుషుల్లో కోవిడ్ తర్వాత ఎంఎస్ రోగులు వెల్లువెత్తిన సూచనలేవీ కనిపించలేదు. ఎంఎస్‌కు మూలంలో ఒక వైరస్ ఉందనుకుంటే ఇప్పటివరకు బలమైన ఆధారం ఉన్నది ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కే. కోటిమందికి పైగా అమెరికా సైనిక సిబ్బంది రికార్డులు పరిశీలించి 2022లో వెలువరించిన అధ్యయనం, ఆ వైరస్ సోకాక ఎంఎస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరుగుతుందని చూపింది.

టీకా: యాంటీబాడీ ఒక్కటే కొలబద్ద కాదు

టీకా వల్ల ఎంఎస్ తిరగబెడుతుందన్న భయానికి గట్టి ఆధారం దొరకలేదు. టీకా వేసుకున్న రాత్రి వచ్చే జ్వరం వల్ల పైన చెప్పిన సూడో రిలాప్స్ రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ, నిర్జీవ వైరస్, శరీరంలో పెరగలేని వాహక వైరస్ టీకాలు ఏవైనా వైరస్‌ను శరీరంలో పెంచేవి కావు గనుక రోగనిరోధక మందులు వాడేవారికీ ఇవ్వవచ్చు.

పని చేస్తుందా అన్నదే ప్రశ్న. ఇజ్రాయెల్‌లో 2021లో జరిగిన ఒక చిన్న అధ్యయనం తొలి హెచ్చరిక ఇచ్చింది. ఏ మందూ వాడని ఎంఎస్ రోగులందరికీ, క్లాడ్రిబిన్ అనే మరో ఎంఎస్ మందు వాడిన వారందరికీ యాంటీబాడీలు తగినంత తయారయ్యాయి. ఓక్రెలిజుమాబ్ వాడేవారిలో 22.7 శాతం మందికి, ఫింగోలిమాడ్ వాడేవారిలో 3.8 శాతం మందికి మాత్రమే అలా జరిగింది. ఆ ఏడాదే అమెరికాలో బి కణాల మందు వాడేవారి టి కణాలను పరిశీలించినప్పుడు అవి టీకాకు గట్టిగానే స్పందించినట్టు తేలింది. యాంటీబాడీ వైరస్‌ను గుమ్మం దగ్గరే ఆపుతుంది. టి కణం లోపలికి వచ్చినదాన్ని చంపుతుంది. కనుక ఈ మందు వాడేవారికి టీకా వేశాక వైరస్ సోకవచ్చు గాని ప్రాణాంతకం అయ్యే అవకాశం తగ్గుతుంది. ఫింగోలిమాడ్‌తో టి కణాల స్పందన కూడా రక్తంలో తక్కువే కనబడడం వల్ల అక్కడ లోటు రెండు వైపులా ఉంది.

లోటు పూడ్చడానికి సమయం చూసుకోవాలని సలహా ఇచ్చారు. ఓక్రెలిజుమాబ్ ఆరు నెలలకొకసారి ఎక్కిస్తారు. చివరి డోసు తర్వాత కనీసం 12 వారాలు ఆగి, వచ్చే డోసుకు కనీసం 4 వారాల ముందు టీకా వేయడం మంచిదని పలు మార్గదర్శకాలు చెప్పాయి. దీనికో పరిమితి ఉంది. ఓక్రెలిజుమాబ్ ఆపాక బి కణాలు తిరిగి రావడానికి సగటున 72 వారాలు పడుతుంది. 12 వారాల విరామం కొద్దిమందికే మేలు చేస్తుంది. అందుకని టీకా కోసం ఎంఎస్ మందును నెలల తరబడి వాయిదా వేయడం, ముఖ్యంగా రోగం చురుగ్గా ఉన్నవారిలో, లాభసాటి బేరం కాదు. ఇంకా మందు మొదలుపెట్టనివారి పరిస్థితి వేరు. వారికి టీకాలన్నీ ముందే పూర్తి చేసి తర్వాత బి కణాల మందు ప్రారంభిస్తే అప్పటికే తయారైన యాంటీబాడీలు నిలుస్తాయి.

సోకాక చేయగలిగింది

2021 చివర్లో ఒమిక్రాన్ రకం వచ్చాక, టీకాలూ ముందే సోకిన జబ్బూ కలిసి అందరిలోలాగే ఎంఎస్ రోగుల్లోనూ తీవ్రత బాగా తగ్గింది. ముప్పు ఇప్పటికీ మిగిలింది వైకల్యం ఎక్కువగా ఉన్నవారికీ బి కణాలు లేనివారికీ. వీరికి తొలి అయిదు రోజులే కీలకం. నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిసిన ప్యాక్స్‌లోవిడ్ మాత్రలను లక్షణాలు కనిపించిన అయిదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. అందులోని రిటోనావిర్ కాలేయంలో మందులను విరగ్గొట్టే ఒక ఎంజైమును ఆపుతుంది. దానివల్ల ఇతర మందుల మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు. దీనికి తలకిందులైన చిక్కు కార్బమజెపైన్‌తో వస్తుంది. ఎంఎస్‌లో ముఖంలో మెరుపులా కొట్టే నొప్పికి వాడే ఈ మాత్ర అదే ఎంజైమును రెచ్చగొట్టి ప్యాక్స్‌లోవిడ్‌ను పని చేయకుండా చేస్తుంది, కాబట్టి రెండూ కలిపి వాడకూడదు. అలాంటివారికి మూడు రోజులు నరంలోకి ఎక్కించే రెమ్‌డెసివిర్ ఒక ప్రత్యామ్నాయం. వాడుతున్న మందుల జాబితా, చివరి ఇన్‌ఫ్యూజన్ తేదీ ఒక కాగితం మీద రాసి సిద్ధంగా ఉంచుకుంటే తెలియని వైద్యుడి దగ్గరకు వెళ్లినా ఈ నిర్ణయం నిమిషాల్లో తేలుతుంది.

తయారుచేసిన యాంటీబాడీలను ముందుగానే ఇంజెక్షన్‌గా ఇవ్వడం మరో ఉపాయం. 2021 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఎవుషెల్డ్ ఇలాంటిదే. వైరస్ రూపం మారాక అది పనికిరాకుండా పోయి 2023 జనవరిలో పక్కకు తప్పుకుంది.

తగ్గాక మిగిలే నీరసం

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం సోకిన మూడు నెలల తర్వాత కూడా ఉంటూ, కనీసం రెండు నెలలు కొనసాగే లక్షణాలను లాంగ్ కోవిడ్ అంటారు. విపరీతమైన నీరసం, మతిమరుపు, ఏకాగ్రత కుదరకపోవడం, నిద్ర పట్టకపోవడం అందులో ప్రధానం. ఈ జాబితాను ఎంఎస్ రోగికి చూపిస్తే కోవిడ్‌కు చాలా ముందే ఇవన్నీ తమకు ఉన్నాయంటారు. ఎంఎస్‌లో అత్యధికులను వేధించే లక్షణం నీరసమే. అందువల్ల కోవిడ్ తర్వాత పెరిగిన అలసటను దేని ఖాతాలో వేయాలన్నది వైద్యుడికి కూడా కష్టమైన పని.

కొన్ని ఆనవాళ్లు దారి చూపుతాయి. ఎంఎస్ నీరసం సాధారణంగా మధ్యాహ్నానికి పెరిగి, ఎండలో ముదిరి, చల్లబడితే తగ్గుతుంది. చిన్న శ్రమ చేసిన మర్నాడో మూడోనాడో మంచం పట్టేలా కుప్పకూలడం లాంగ్ కోవిడ్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. వాసన తెలియకపోవడం, లేచి నిలబడగానే గుండె దడదడలాడడం కూడా కోవిడ్ వైపే చూపుతాయి. ఒక చేయి లేదా ఒక కాలు కొత్తగా బలహీనపడడం, ఒక కన్ను మసకబారడం, నడుము చుట్టూ పట్టీ బిగించినట్టుండడం ఎంఎస్ వైపు. జ్వరం పూర్తిగా పోయి కొన్ని రోజులు గడిచినా ఈ రెండో రకం లక్షణం తగ్గకపోతే ఎంఆర్‌ఐ తీయించి కొత్త మచ్చ ఉందో లేదో చూస్తారు. మచ్చ ఉంటే రిలాప్స్ చికిత్స, మందు మార్పు గురించి ఆలోచిస్తారు. లేకపోతే బి కణాల మందు వాడుతున్నవారికి ఇంకో పరీక్ష మిగిలి ఉంటుంది: వైరస్ నిజంగా పోయిందా, లోపలే దాగి ఉందా అన్నది.